డచ్చివాళ్ళ కథ బేదరతో ముగియలేదు

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. బెంగాల్‌లో 1759లో ఇంగ్లీషువాళ్ళతో జరిగిన బేదర యుద్ధంతో మన దేశంలో డచ్చివారి ప్రాబల్యం అంతమైందని గ్రూప్స్ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది, అంతేనా అన్నది ఒకటి. ఇంగ్లండూ, డచ్చివాళ్ళ దేశమైన హాలండూ రెండూ ప్రొటెస్టెంట్ దేశాలే, రెండింటికీ స్పెయిన్ శత్రువే, అలాంటప్పుడు ఎందుకు నాలుగుసార్లు యుద్ధానికి దిగాయి, అన్ని గెలుపులు చూసిన డచ్చివాళ్ళు చివరికి ఎలా వెనకబడ్డారు అన్నది రెండోది. డిగ్రీ కాలేజీలో ఐరోపా చరిత్ర చాలాకాలం చెప్పాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. డచ్చివాళ్ళను ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి వెనక్కి నెట్టలేకపోయారు. మొదటి మూడు యుద్ధాల్లో ఒకటి ఇంగ్లండ్ వైపు మొగ్గింది, తక్కిన రెంటిలో డచ్చివాళ్ళదే పైచేయి. వాళ్ళు వెనకబడింది 1688 తర్వాత, ఇంగ్లండుతో పొత్తు కుదిరి కలిసి నడిచిన పాతికేళ్ళలో. బేదర నాటికి ఆ పని దాదాపు అయిపోయింది.

మొదట్లో వీళ్ళిద్దరూ మిత్రులే. 1585లో స్పెయిన్ మీద తిరగబడిన డచ్ రాష్ట్రాలకు ఎలిజబెత్ రాణి సైన్యాన్ని పంపింది, బదులుగా ఫ్లషింగ్, బ్రిల్ రేవులను తాకట్టు పెట్టించుకుంది. సాయం చేసినవాళ్ళం మేము, మా వల్లే మీరు బతికారు అన్న భావం ఇంగ్లండులో అలాగే ఉండిపోయింది. ఇక్కడ డచ్చివాళ్ళేమో చూస్తుండగానే ఎదిగిపోయారు. 1600లో పుట్టిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మొదటి ప్రయాణానికి పోగుచేసుకున్నది సుమారు 68 వేల పౌండ్లు. 1602లో పుట్టిన డచ్ కంపెనీ మూలధనం 64 లక్షల గిల్డర్లు (డచ్ నాణెం). అప్పటి మారకం ప్రకారం చూస్తే దాదాపు పదింతలు. పైగా ఇంగ్లీషు కంపెనీ ఒక్కో ప్రయాణానికి ఒక్కోసారి డబ్బు సమీకరించుకుని, ఓడలు తిరిగొచ్చాక లెక్క తేల్చేసేది. డచ్ కంపెనీ ఏళ్ళ తరబడి కదలని పెట్టుబడితో కోటలు కట్టింది, సైన్యాన్ని పెట్టుకుంది.

ఇద్దరికీ కావలసింది జాజికాయ, జాపత్రి, లవంగం. అవి పండేది తూర్పున, ఇప్పటి ఇండోనేషియాలోని మొలక్కా దీవుల్లో. అక్కడివాళ్ళు వాటికి బదులుగా వెండి కంటే మన కోస్తా బట్టను ఎక్కువ ఇష్టపడేవాళ్ళు. కోరమాండల్ తీరం మొలక్కా దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని, ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి 1612లో రాశాడు. అందుకే ఈ తగాదాలో మచిలీపట్నం, పెద్దపల్లి (ఇప్పటి నిజాంపట్నం), పులికాట్ మొదటినుంచీ ఉన్నాయి. డచ్చివాళ్ళు 1605, 1606లలోనే గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నం, పెద్దపల్లి రేవుల్లో దిగారు. ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ వచ్చింది 1611లో. ఆ ఓడలో వ్యాపారం నడిపించిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథనిస్ అనే ఇద్దరూ డచ్చివాళ్ళే, అంతకుముందు డచ్ కంపెనీలో పనిచేసి ఇంగ్లీషువాళ్ళ దగ్గర చేరినవాళ్ళు. ముందు పులికాట్‌లో ఆగితే అక్కడి డచ్చివాళ్ళు, విజయనగర రాజు వెంకటపతిరాయలు మాకు తప్ప ఇంకెవరికీ ఇక్కడ వ్యాపారం లేదని కౌలు ఇచ్చాడని చెప్పి అడ్డుపడ్డారు. దాంతో ఓడ పైకి సాగి పెద్దపల్లికి, మచిలీపట్నానికి చేరింది. కోస్తాలో ఇంగ్లీషువాళ్ళ తొలి అడుగు అలా డచ్చివాళ్ళు పొమ్మంటే పడింది.

దౌత్యం కూడా అప్పుడే మొదలైంది. సముద్రం ఎవరి సొత్తూ కాదు, వ్యాపారం చేసే హక్కు అందరిదీ అని హ్యూగో గ్రోషియస్ 1609లో పేరు వేయకుండా ఒక పుస్తకం అచ్చు వేయించాడు. పోర్చుగీసువాళ్ళ గుత్తాధిపత్యాన్ని కొట్టడానికి డచ్ కంపెనీ తరఫున చేసిన వాదన అది. 1613లో అదే గ్రోషియస్ చర్చలకు లండన్ వచ్చి, మొలక్కా రాజులతో మాకు ఒప్పందాలున్నాయి కాబట్టి సుగంధ ద్రవ్యాలు మాకే అమ్మాలి అని వాదించాల్సి వచ్చింది. ఇంగ్లీషు ప్రతినిధులు అతని పుస్తకంలోని వాక్యాలనే తీసి అతనికి వినిపించారు. ఆ వాదన తెగలేదు. తర్వాతి రెండొందల ఏళ్ళూ రెండు పక్షాలూ ఇదే చేశాయి. బలం చాలని చోట సముద్రం అందరిదీ అన్నారు, బలం ఉన్న చోట ఒప్పంద పత్రం చూపించారు.

1619లో లండన్‌లో రాజీ కుదిరింది. మొలక్కా సుగంధ ద్రవ్యాల్లో మూడో వంతు, మిరియాల్లో సగం ఇంగ్లీషువాళ్ళకు, కోటల ఖర్చు ఇద్దరికీ. ఆసియాలో డచ్ గవర్నర్ జనరల్‌గా ఉన్న యాన్ పీటర్‌జోన్ కూన్‌కు ఈ రాజీ అస్సలు నచ్చలేదు. పోరాడి గెలుచుకున్నది మేమైతే పంచిపెట్టేది మీరా అని పైవాళ్ళ మీద మండిపడ్డాడు. ఐరోపాలో సంతకం చేసేవాళ్ళు ఒకరు, ఆసియాలో ఓడలు, తుపాకులు చేతిలో ఉన్నవాళ్ళు ఇంకొకరు. వీళ్ళ చరిత్ర చదివేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే ఏదీ అర్థం కాదు.

ఆ రాజీ 1623లో మొలక్కా దీవుల్లోని అంబోయ్నాలో నెత్తురోడింది. కోటను పట్టుకోవడానికి కుట్ర పన్నారన్న నేరం మోపి, డచ్ గవర్నర్ హెర్మన్ వాన్ స్పెల్ట్ ఇంగ్లీషు వర్తకులను, వాళ్ళతో చేతులు కలిపారన్న జపాన్ సిపాయిలను పట్టుకున్నాడు. మొహానికి గుడ్డ చుట్టి, ఊపిరాడకుండా దాని మీద నీళ్ళు పోస్తూ నేరం ఒప్పించారు. గేబ్రియల్ టవర్సన్‌తో సహా పదిమంది ఇంగ్లీషువాళ్ళ తలలు తీశారు. అంత చిన్న గుంపు అంత పెద్ద కోటను పట్టుకోగలిగేదని నేను నమ్మను. హింసపెట్టి రాబట్టిన వాంగ్మూలం తప్ప డచ్చివాళ్ళు గట్టి ఆధారం చూపలేకపోయారు. రెండేళ్ళ ముందు బందా దీవుల్లో కూన్ స్థానిక జనాన్ని వేలల్లో ఊచకోత కోయించాడు. దాని గురించి లండన్‌లో అంత గోల జరగలేదు. అంబోయ్నా బొమ్మలూ కరపత్రాలూ మాత్రం యాభై ఏళ్ళపాటు, యుద్ధం వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అచ్చయ్యాయి.

ఆ దెబ్బతో ఇంగ్లీషు కంపెనీ సుగంధ దీవులను దాదాపు వదిలేసి మన వైపు తిరిగింది. రాజీ ప్రకారం పులికాట్‌లో డచ్చివాళ్ళ గెల్డ్రియా కోట ఖర్చు పంచుకుంటూ కొంతకాలం ఉండి, ఇమడలేక బయటపడ్డారు. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో, అంటే ఆర్మగాన్‌లో చిన్న కోట కట్టుకున్నారు. అక్కడా బట్ట సరిగ్గా దొరక్క 1639లో ఫ్రాన్సిస్ డే దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు కౌలు తీసుకున్నాడు. మద్రాసు పుట్టుకను ఎక్కడ చదివినా ఈ ముందు కథ చెప్పరు. డచ్చివాళ్ళు పులికాట్‌లో చోటిచ్చి ఉంటే ఆ ఇసుక తీరంలో కోట కట్టుకోవాల్సిన అవసరం వాళ్ళకు వచ్చేది కాదు.

మొదటి యుద్ధం (1652-54) గురించి తక్కువలో చెప్తాను. 1651లో ఇంగ్లండ్ పార్లమెంటు నావిగేషన్ చట్టం చేసింది. ఇంగ్లండుకు వచ్చే ఐరోపా సరుకు ఇంగ్లీషు ఓడల్లో గానీ, ఆ సరుకు పుట్టిన దేశపు ఓడల్లో గానీ రావాలి. డచ్చివాళ్ళ బతుకే పక్కవాళ్ళ సరుకు మోయడం కాబట్టి దెబ్బ నేరుగా తగిలింది. అంతకు కొన్ని నెలల ముందే, రెండు దేశాలనూ కలిపేద్దామని ఇంగ్లండ్ దూతలు డచ్ ప్రభుత్వం ఉండే హేగ్ నగరానికి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చారు. మరుసటి ఏడు డోవర్ దగ్గర ఇంగ్లీషు జెండాకు గౌరవంగా తన జెండా దించడంలో ట్రాంప్ అనే డచ్ సేనాని జాప్యం చేశాడని ఇంగ్లీషు సేనాని బ్లేక్ కాల్పులు మొదలుపెట్టాడు. ఇంగ్లండుకు పెద్ద యుద్ధనౌకలున్నాయి, డచ్చివాళ్ళ దగ్గర ఎక్కువగా తుపాకులెక్కించిన వర్తక ఓడలే. వెయ్యికి పైగా డచ్ ఓడలు పట్టుబడ్డాయి, ట్రాంప్ చనిపోయాడు. సంధిలో అంబోయ్నా మృతుల వారసులకు డచ్చివాళ్ళు పరిహారం కట్టారు. దాంతో వాళ్ళకు బుద్ధొచ్చి అసలైన యుద్ధనౌకలు కట్టడం మొదలెట్టారు. రెండో యుద్ధంలో కనిపించేది ఆ నౌకాదళమే.

రెండోది (1665-67) నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది, ఎందుకంటే యుద్ధమూ దౌత్యమూ ఒకే చేతిలో ఎలా నడుస్తాయో ఇందులో కనిపిస్తుంది. యుద్ధం ప్రకటించకముందే 1664లో ఇంగ్లీషువాళ్ళు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను పట్టుకుని న్యూయార్క్ అని పేరు పెట్టారు. 1665లో లండన్‌లో ప్లేగు. 1666లో నాలుగు రోజుల భీకర సముద్ర పోరు, ఆగస్టులో రాబర్ట్ హోమ్స్ రేవులో నిలిపిన 140 దాకా డచ్ వర్తక ఓడలను తగలబెట్టడం, సెప్టెంబరులో లండనే తగలబడిపోవడం. 1667 వచ్చేసరికి ఇంగ్లండ్ రాజు రెండవ చార్లెస్ ఖజానా ఖాళీ. సంధి మాటలు డచ్ పట్టణం బ్రెడాలో నడుస్తున్నాయి కదా అని పెద్ద నౌకలను మెడ్‌వే నదిలో కట్టేసి, నావికులను ఇంటికి పంపేశాడు. వాళ్ళకు జీతం బదులు చేతిలో పెట్టింది చీటీలు. ఆ చీటీలను డబ్బుగా మార్చుకోవాలంటే సగం ధరకు తెగనమ్ముకోవాలి.

డచ్చివాళ్ళ రాజకీయ నాయకుడు యోహాన్ డి విట్ సరిగ్గా ఆ అదను చూశాడు. చర్చల బల్ల దగ్గర తన మనుషులు కూర్చుని ఉండగానే, తన అన్న కొర్నేలిస్‌ను వెంటపెట్టి సేనాని డి రౌటర్ నౌకాదళాన్ని నదిలోకి పంపాడు. జూన్‌లో షీర్‌నెస్ కోట పడింది. జిల్లింగ్‌హామ్ దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసును దాటుకుని వెళ్ళి నిప్పు పడవలతో పెద్ద నౌకలను కాల్చారు. రాయల్ చార్లెస్‌ను ఊడదీసుకుని హాలండుకు లాక్కుపోయారు. 1660లో రాజును ప్రవాసం నుంచి ఇంగ్లండుకు తీసుకొచ్చిన నౌక అదే. దాని వెనుకభాగపు చెక్క శిల్పం, సింహమూ ఒంటికొమ్ము గుర్రమూ ఉన్న రాజ చిహ్నం, ఈనాటికీ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది. ఆ వారం నౌకాశాఖ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్న సంగతులు కళ్ళకు కడతాయి. డచ్ నౌకల మీదినుంచి ఇంగ్లీషులో కేకలు వినిపించాయట, ఇన్నాళ్ళూ చీటీల కోసం పోరాడాం, ఇప్పుడు రొక్కం కోసం పోరాడుతున్నాం అని. వాపింగ్ వీధుల్లో నావికుల భార్యలు, మా మగవాళ్ళకు జీతాలివ్వనందుకే మీకీ గతి పట్టిందని అరిచారట. పీప్స్ తన బంగారం మూటగట్టి భార్యతో పల్లెకు పంపేశాడు.

నెల తిరిగేసరికి బ్రెడా సంధి మీద సంతకాలు పడ్డాయి. ఇంగ్లీషువాళ్ళు రన్ అనే జాజికాయ దీవిని ఇచ్చి మన్‌హట్టన్ తీసుకున్నారని అందరూ చెప్పుకుంటారు. వస్తుమార్పిడి లాంటిదేమీ జరగలేదు. ఎవరి చేతిలో ఉన్నది వాళ్ళదే అన్న నియమం మీద రన్, సూరినామ్ డచ్చివాళ్ళకు, న్యూయార్క్ ఇంగ్లీషువాళ్ళకు మిగిలాయి. ఆనాటి లెక్కలో జాజికాయా చక్కెరా దొరికిన డచ్చివాళ్ళే లాభపడ్డారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళని ఇప్పుడు మనం అనడం న్యాయం కాదు.

మూడో యుద్ధానికి (1672-74) మూలం దొంగ దౌత్యం. 1668లో డచ్చివాళ్ళతో పొత్తు కట్టిన చార్లెస్, 1670లో డోవర్‌లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీతో రహస్య ఒప్పందం చేసుకుని డబ్బు పుచ్చుకున్నాడు. 1672లో ఇద్దరూ కలిసి మీద పడ్డారు. ఫ్రెంచి సైన్యం దేశం లోపలిదాకా వచ్చేసింది, డచ్చివాళ్ళు కట్టలు తెంచి తమ పొలాలను తామే ముంచుకున్నారు. డి విట్ అన్నదమ్ములను హేగ్ వీధిలో జనం చంపేశారు, ఇరవై ఒక్క ఏళ్ళ విలియమ్ ఆఫ్ ఆరెంజ్ పగ్గాలు పట్టాడు. సముద్రం మీద మాత్రం డి రౌటర్ ఇంగ్లీషు, ఫ్రెంచి నౌకలను ఒడ్డెక్కనివ్వలేదు. 1673 ఆగస్టులో టెక్సెల్ దగ్గర ఆఖరి పోరు జరిగింది. దానికి పది పన్నెండు రోజుల తేడాలో మచిలీపట్నం తీరాన కూడా ఇలాంటిదే జరిగింది. వాన్ క్వాల్‌బెర్గెన్ నడిపిన డచ్ నౌకలు ఇంగ్లీషు కంపెనీ ఓడల దండును ఎదుర్కొని ఓడించాయి, ఇంగ్లీషువాళ్ళకు మూడు ఓడలు పోయాయి. అదే సమయంలో శాంథోమ్‌ను పట్టుకున్న ఫ్రెంచివాళ్ళను గోల్కొండ సైన్యం నేల మీదినుంచీ, డచ్చివాళ్ళు సముద్రం మీదినుంచీ ముట్టడించి 1674లో లొంగదీశారు. పక్కనే మద్రాసులో ఉన్న ఇంగ్లీషువాళ్ళు గుండెలు అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

ఆ యుద్ధాన్ని ఆపింది తుపాకులు కావు, కరపత్రాలు. మీ రాజు ఫ్రాన్సుకు, పోపుకు అమ్ముడుపోయాడు అన్న మాటను విలియమ్ మనుషులు ఇంగ్లండంతా పాకించారు. పార్లమెంటు డబ్బివ్వనని మొండికేసింది. చార్లెస్‌కు సంధి తప్ప దారి లేకపోయింది. 1677లో విలియమ్, చార్లెస్ తమ్ముడి కూతురు మేరీని పెళ్ళి చేసుకున్నాడు.

ఇప్పుడు అసలు మలుపు. 1688 నవంబరులో విలియమ్ 450కి పైగా ఓడలతో ఇంగ్లండ్ దక్షిణ తీరాన టార్‌బేలో దిగాడు. ఒకప్పుడు స్పెయిన్ ఇంగ్లండ్ మీదికి పంపిన ఆర్మడా కంటే ఎంతో పెద్ద దండు అది. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు దాన్ని మహోజ్జ్వల విప్లవం అంటాయి, ప్రభువులు పిలిస్తే వచ్చాడంటాయి. పిలిచినమాట నిజమే, అలా అతను ఇంగ్లండ్ రాజయ్యాడు. కానీ లండన్‌లో కాపలాకు నిలిచింది డచ్ నీలికోటు సైనికులు. విలియమ్ కోరిక ఒక్కటే, ఇంగ్లండ్ డబ్బూ నౌకలూ లూయీ పక్షాన చేరకూడదు, తన పక్షాన నిలవాలి. అది సాధించాడు. కానీ దానికి డచ్చివాళ్ళు చెల్లించిన మూల్యం చూడండి. 1689 ఒప్పందంలో ఉమ్మడి నౌకాదళానికి ఇంగ్లండ్ ఐదు నౌకలిస్తే డచ్చివాళ్ళు మూడు ఇవ్వాలి, ఆధిపత్యం ఇంగ్లీషు సేనానిది. డచ్చివాళ్ళ డబ్బంతా ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నేల మీది సైన్యానికీ, సరిహద్దు కోటలకూ పోయింది. 1713 దాకా రెండు పెద్ద యుద్ధాలు ఇలాగే నడిచాయి. ముగిసేసరికి హాలండ్ రాష్ట్రం అప్పుల్లో కూరుకుపోయింది, నౌకలు రేవుల్లో కుళ్ళిపోయాయి. ఇంగ్లండేమో ఆ కాలంలోనే 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెట్టుకుంది, పార్లమెంటు పూచీతో తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునే పద్ధతి నేర్చుకుంది. ఆ అప్పు పత్రాలను ఎగబడి కొన్నవాళ్ళలో ఆమ్‌స్టర్‌డామ్ ధనికులు ముందున్నారు. అంటే ఇంగ్లీషు నౌకాదళం పెరగడానికి డచ్ డబ్బు కూడా తోడైంది. ఏ సముద్ర పోరూ చేయలేని పని ఇది.

బేదరను ఈ వెనుకటి కథతో కలిపి చూడండి. 1759లో ఐరోపాలో రెండు దేశాల మధ్యా శాంతే ఉంది. ప్లాసీ తర్వాత క్లైవ్ పట్టు చూసి భయపడిన డచ్చివాళ్ళు, అంటే బెంగాల్‌లోని చిన్సురా స్థావరంవాళ్ళు, నవాబు మీర్ జాఫర్ లోపాయికారీ ప్రోత్సాహంతో బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి ఏడు ఓడల్లో సుమారు 1500 మంది సైనికులను రప్పించారు. నవంబరు 25న కల్నల్ ఫోర్డ్ వాళ్ళను కొద్దిసేపట్లోనే చిత్తు చేశాడు. ఈ ఫోర్డ్ మనకు తెలిసినవాడే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గరా, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటలోనూ ఫ్రెంచివాళ్ళను ఓడించింది అతనే. బేదర తర్వాత డచ్చివాళ్ళు పరిహారం కట్టి, సైన్యాన్ని తగ్గించుకుంటామని ఒప్పుకున్నారు. కానీ చిన్సురా వదిలిపోలేదు, వ్యాపారమూ ఆపలేదు. మన తీరంలో పులికాట్, జగన్నాథపురం, పాలకొల్లు, భీమునిపట్నం వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. సైనికంగా ఇంక పోటీ లేదన్నది తేలింది, అంతవరకే.

నాలుగో యుద్ధమే (1780-84) వాళ్ళ నడుము విరిచింది. అమెరికా తిరుగుబాటుదారులకు కరీబియన్ దీవి సెంట్ యుస్టేషియస్ నుంచి డచ్ వర్తకులు మందుగుండు అమ్మారు. 1780లో అమెరికా ప్రతినిధి హెన్రీ లారెన్స్‌ను సముద్రం మీద పట్టుకుంటే, అతని దగ్గర ఆమ్‌స్టర్‌డామ్‌తో ఒప్పందపు ముసాయిదా దొరికింది. దాన్ని సాకుగా చూపించి డిసెంబరులో ఇంగ్లండ్ యుద్ధం ప్రకటించింది. అప్పటికి డచ్చివాళ్ళ దగ్గర బరిలో దించదగ్గ పెద్ద నౌకలు ఇరవై దాకా మాత్రమే. 1781లో కోస్తాలోని డచ్ స్థావరాలన్నీ ఒకదాని వెంట ఒకటి ఇంగ్లీషువాళ్ళ వశమయ్యాయి. హైదర్ అలీతో చేయి కలిపినా నవంబరులో నాగపట్నం పడిపోయింది. 1784 సంధిలో తక్కినవి తిరిగొచ్చాయి గానీ నాగపట్నం రాలేదు. తూర్పు సముద్రాల్లో ఇంగ్లీషు ఓడలు స్వేచ్ఛగా తిరగొచ్చన్న షరతుకు కూడా డచ్చివాళ్ళు ఒప్పుకోవాల్సి వచ్చింది. 1613 నుంచి వాళ్ళు కాదంటూ వచ్చింది సరిగ్గా దానినే.

ఆ తర్వాతిది త్వరగా ముగుస్తుంది. 1795లో ఫ్రెంచి విప్లవ సైన్యం హాలండులోకి వస్తే డచ్ పాలకుడు ఐదవ విలియమ్ లండన్ పారిపోయి, క్యూ భవనం నుంచి డచ్ వలసలన్నిటికీ ఉత్తరాలు రాశాడు, ఇంగ్లీషువాళ్ళను రానివ్వండి అని. సింహళం, దక్షిణాఫ్రికాలోని కేప్, మలయా తీరపు రేవు మలక్కా అలా చేతులు మారాయి. 1799 ఆఖరి రోజుతో డచ్ కంపెనీయే లేకుండా పోయింది. 1814 ఒప్పందంలో కేప్, సింహళం ఇంగ్లండ్ తనకే ఉంచుకుని, మలక్కా, కోస్తా స్థావరాలు తిరిగిచ్చేసింది. చివరికి 1824 మార్చి 17న లండన్‌లో సంతకమైన ఒప్పందంతో డచ్చివాళ్ళు భారతదేశంలోని తమ స్థావరాలన్నీ వదులుకున్నారు, మలక్కా ఇచ్చేసి సుమత్రాలోని బెంకూలెన్ తీసుకున్నారు, సింగపూర్ మీద అభ్యంతరం విడిచిపెట్టారు. 1825లో చిన్సురా, పులికాట్, జగన్నాథపురం, భీమునిపట్నం అప్పగింతలు జరిగాయి.

కాబట్టి ప్రిలిమ్స్‌లో డచ్చివారి ప్రాబల్యాన్ని అంతం చేసిన యుద్ధం ఏదని అడిగితే బేదర, 1759 అనే పెట్టండి. కీలో అదే ఉంటుంది, మార్కు పోగొట్టుకోవద్దు. మెయిన్స్‌లో వ్యాసం వస్తే మాత్రం 1623 అంబోయ్నా నుంచి ఇంగ్లీషువాళ్ళు కోస్తా వైపు తిరగడం, 1689 నౌకాదళ ఒప్పందం, 1781లో స్థావరాలు పోవడం, 1824 ఒప్పందం, ఈ నాలుగింటినీ ఒకదానికొకటి ముడిపెట్టి రాయండి. మొదటి మూడు యుద్ధాల్లోని పోరాటాల పేర్లు, తేదీలు బట్టీ పట్టనక్కర్లేదు. మెడ్‌వే, బ్రెడా గుర్తుంటే చాలు.